సూదుల కంటే ముందు ఆస్పత్రికి పంపిన డాక్టరమ్మ

సంపాదకులు గారికి,

మెల్‌బోర్న్‌లో మన తెలుగువాళ్లు నడుం నొప్పికనో, నిద్ర పట్టడం లేదనో సూదులు గుచ్చి, మూలికలిచ్చే చైనా సంప్రదాయ వైద్యుల దగ్గరికి వెళ్తున్నారు, అందులో తప్పేం లేదు. విక్టోరియా రాష్ట్రం 2000లోనే వీళ్ల రిజిస్ట్రేషన్‌కు చట్టం చేసింది, 2012 జూలై నుంచి ఆ పద్ధతి ఆస్ట్రేలియా అంతటా ఉంది.

మా అత్తయ్యగారు నడుం నొప్పితో వెళ్తే ఆ డాక్టరమ్మ నాలుక చూసి, రెండు చేతుల నాడీ పట్టి, ఒంట్లో చలి, తేమ చేరాయంది కానీ సూదులు మాత్రం బయటికి తీయలేదు. తొడల మధ్య మొద్దుబారిందా, మూత్రం సరిగ్గా వస్తోందా అని అడిగింది. అత్తయ్యగారు సిగ్గుపడుతూనే విషయం చెప్పగానే చీటీ రాసిచ్చి, ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి అంది. వెన్ను చివరి నరాలు నొక్కుకుపోతే ఒక్కోసారి గంటల తేడాతోనే కాళ్లు, మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోతుందట.

అందరూ ఇలా లేరు, అదే నా బాధ. మనిషి కారణం లేకుండా చిక్కిపోతున్నా, రాత్రుళ్లు నొప్పితో లేచి కూర్చుంటున్నా ఇంకో నాలుగు సిట్టింగులు అనేవాళ్లున్నారు. దయచేసి వెళ్లేముందు వైద్యుల రిజిస్ట్రేషన్ చూసే ఆప్రా (AHPRA) సంస్థ వెబ్‌సైట్‌లో ఆ వైద్యుల పేరు ఉందో లేదో చూసుకోండి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతుంటే తప్పక చెప్పండి, చైనా వైద్యంలో వాడే డాన్‌షెన్ అనే మూలిక వేరు దానితో కలిస్తే రక్తస్రావం కావచ్చు.

— ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్