ఆల్ఫ్రెడ్ భార్య మెర్సియా రాజు కూతురు కాదు

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్ పాత రాజుల మీద వచ్చిన వ్యాసంలో, తొమ్మిదో శతాబ్దపు వెసెక్స్ (దక్షిణ ఇంగ్లండ్ రాజ్యం) రాజు ఆల్ఫ్రెడ్ భార్య ఎయల్‌స్విత్‌ను మధ్య ఇంగ్లండ్ రాజ్యమైన మెర్సియా రాజు బర్‌గ్రెడ్ కుమార్తె అని రాశారు. ఇది తప్పు. బర్‌గ్రెడ్ ఆల్ఫ్రెడ్‌కు మామ కాదు, బావ. 853లో అతను ఆల్ఫ్రెడ్ అక్క ఎథెల్‌స్విత్‌ను పెళ్లాడాడు. ఎథెల్‌స్విత్, ఎయల్‌స్విత్ పేర్లు దగ్గరగా వినిపించడంతో ఇద్దరినీ కలిపేయడం తేలిక.

ఎయల్‌స్విత్ పుట్టింటి గురించి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఒక్క గ్రంథం నుంచే వచ్చింది. అది ఆల్ఫ్రెడ్ కొలువులోని మతాచార్యుడు ఆసర్ 893లో లాటిన్‌లో రాసిన రాజు చరిత్ర. 868లో ఆల్ఫ్రెడ్ మెర్సియా సంబంధం చేసుకున్నాడని 29వ అధ్యాయం చెబుతుంది. పిల్ల తండ్రి ఎథెల్‌రెడ్, వాడుక పేరు ముసిల్. గైనీ అనే జనానికి ఎయల్డర్‌మన్, అంటే రాజు కింద ప్రాంతాన్ని ఏలే ప్రభువు. తల్లి ఎడ్‌బర్ మెర్సియా రాజవంశపు స్త్రీ. కాబట్టి రాజరక్తం తల్లి వైపు నుంచి వచ్చింది. ఎడ్‌బర్‌ను తాను కళ్లారా చాలాసార్లు చూశానంటాడు ఆసర్. అత్తగారి పేరు చెప్పినవాడు రాజు భార్య పేరు మాత్రం ఎక్కడా రాయలేదు! ఆ పేరు కోసం ఆల్ఫ్రెడ్ వీలునామా చూడాలి. లాంబోర్న్, వాంటేజ్, ఎడింగ్టన్ ఆస్తులు ఎయల్‌స్విత్‌కు రాసింది అందులోనే.

ఆసర్‌ను వాడేటప్పుడు ఏ ముద్రణ చదువుతున్నామో చూసుకోవాలి. మిగిలి ఉన్న ఒకే ఒక్క రాతప్రతి 1731 అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1574లో ఆర్చ్‌బిషప్ పార్కర్ వేయించిన అచ్చులో వేరే రచనల భాగాలు కలిశాయి. వాటిని వేరుచేసి చూపిన 1904 నాటి స్టీవెన్‌సన్ పరిష్కరణే నమ్మదగింది.

తర్వాత చూడాల్సినవి దానపత్రాలు. మన తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు తాతముత్తాతలను వరుసగా చెబుతాయి. అక్కడి పత్రాల్లో ఆ వంశావళి ఉండదు, చివర సాక్షుల పేర్లు మాత్రం ఉంటాయి. ఆల్ఫ్రెడ్ పత్రాల్లో ఎయల్‌స్విత్ సాక్షిగా కనిపించదు. రాజు భార్యను రాణిగా కూర్చోబెట్టే ఆచారం అప్పటి వెసెక్స్‌లో లేదు. తండ్రిని వెతుకుదామంటే మెర్సియా పత్రాల్లో ముసెల్ (ముసిల్‌కే మరో రూపం) పేరు దశాబ్దాల పాటు కనిపిస్తుంది. 836 నాటి ఒక పత్రంలోనైతే ఇద్దరు ముసెల్‌లు ఉన్నారు. ఎవరు మన ముసెలో సాక్షుల వరసను, తేదీలను పక్కపక్కన పెట్టి తేల్చుకోవాలి, పేరు కుదిరిందని అంటించేయకూడదు.

అసలు చిక్కంతా పేర్లలోనే ఉంది. ఎయల్‌స్విత్ తండ్రి ఎథెల్‌రెడ్, బావగారైన రాజు ఎథెల్‌రెడ్, అల్లుడూ ఎథెల్‌రెడే. తమ్ముడో అన్నో అయిన ఎథెల్‌వుల్ఫ్‌ది మామగారి పేరే. ఆమె తల్లి ఎడ్‌బర్ వేరు, పొరపాటున భర్తకు విషమిచ్చిందని ఆసర్ చెప్పే మెర్సియా రాజు ఓఫా కూతురు ఎడ్‌బర్ వేరు. అందుకే ఏ పేరు రాసుకున్నా పక్కన పదవి, ఊరు, సంవత్సరం రాసుకోవాలి. సంవత్సరాలూ మోసం చేస్తాయి. ఎయల్‌స్విత్ మరణం ఆంగ్లో-శాక్సన్ క్రానికల్‌లో (ఏటేటా సంఘటనలు రాసిన పాత ఇంగ్లిష్ వృత్తాంతం) ఒకచోట 902 కింద, మరోచోట 905 కింద ఉంది. చరిత్రకారులు 902నే తీసుకుంటారు.

ఆ సోదరుడి వల్ల ఇంకో అడుగు ముందుకు వేయవచ్చు. ఎథెల్‌వుల్ఫ్ ఎయల్‌స్విత్ తోబుట్టువని అదే క్రానికల్ చెబుతుంది. 897 నాటి ఒక పత్రంలో (ఆ కాలపు పత్రాలకు సంఖ్యలిచ్చిన సాయర్ జాబితాలో 1442వది) ఎయల్డర్‌మన్ ఎథెల్‌వుల్ఫ్ వించ్‌కూంబ్ ఆస్తి గురించి మెర్సియా పాత రాజు కోయెన్‌వుల్ఫ్ పత్రాలు వెతికించాడు. కోయెన్‌వుల్ఫ్ 821లో చనిపోయాడు. అతని వారసత్వ భూమి ఎథెల్‌వుల్ఫ్ చేతిలో ఉందంటే, ఎడ్‌బర్ ఆ వంశపు ఆడపడుచు అయి ఉండవచ్చని కొందరు పండితుల ఊహ. నాకూ అది బలమైన ఊహే అనిపిస్తుంది. కానీ ప్రాంతాధికారిగానే ఆ విచారణ జరిపించి ఉండే వీలూ ఉంది. ఇంటర్నెట్ వంశవృక్షాల్లో ఈ ఊహనే గట్టి గీతగా గీసి, ఎడ్‌బర్‌కు తండ్రి పేరు కూడా తగిలిస్తున్నారు. ఆ పేరుకు ఏ పాత పత్రమూ సాక్ష్యం చెప్పదు.

వచ్చే ఆదివారం సవరణ వేస్తారని ఆశిస్తున్నాను. "గైనీల ఎయల్డర్‌మన్ ఎథెల్‌రెడ్ ముసిల్, మెర్సియా రాజవంశానికి చెందిన ఎడ్‌బర్‌ల కుమార్తె" అని ఒక్క వాక్యం వేస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక చరిత్ర అధ్యాపకుడు, వరంగల్