పాత జిప్సీ బోల్టులు ఊడదీయడంలో చేయందించిన వారందరికీ కృతజ్ఞతలు

మా 1998 నాటి మారుతి జిప్సీ కింగ్‌కు, బండిని రెండంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్ బిగించే పని ఈ మధ్యనే పూర్తయింది. కిట్ బిగించడం నిజానికి అంత పెద్ద పనేమీ కాదు. కొత్త కమాన్ కట్టలను (లీఫ్ స్ప్రింగులను) యాక్సిల్‌కు బిగించి, పొడవాటి షాక్ అబ్జార్బర్లు తగిలించడం చేయి తిరిగిన మెకానిక్‌కు ఒక రోజులో తేలిపోతుంది. అసలు కష్టమంతా అంతకు ముందుంది. పాతికేళ్లకు పైగా విశాఖ సముద్రపు గాలికి తుప్పు పట్టి, బ్రాకెట్లతో ఏకమైపోయిన పాత బోల్టులను ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, దెబ్బ తగలకుండా ఊడదీయాలి. నేను స్పానర్ పట్టకముందే ఆ పని ఎలా చేయాలో చెప్పి, తర్వాత దగ్గరుండి చేయించిన వారికి ఈ కృతజ్ఞతలు. వారు చెప్పిన సంగతులు ఇలాంటి పాత బండ్లున్న మరికొందరికి పనికి వస్తాయి కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

జిప్సీకి నాలుగు చక్రాల దగ్గరా కమాన్ కట్టలే ఉంటాయి. ప్రతి కట్టకూ ఒక కొస ఛాసిస్ బ్రాకెట్‌లో బోల్టు మీద స్థిరంగా ఉంటే, రెండో కొస షాకిల్ అనే కదిలే లంకె మీద ఊగుతుంటుంది. నడుమ యు బోల్టులు కట్టను యాక్సిల్‌కు అదిమి పట్టుకుంటాయి. వీటిలో ఏది ఎంత మొండికేస్తుందో పైకి చూసి చెప్పలేము.

అందరికంటే ముందుగా, మా చేపల రేవులో మరపడవల ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ గారికి నేను రుణపడి ఉన్నాను. కార్ల పని తనది కాదని ఆయన మొదటే చెప్పారు కానీ, ఉప్పునీటిలో నానిన నట్లతోనే జీవితమంతా గడిపిన మనిషికి జిప్సీ బోల్టు ఒక లెక్క కాదు. ఆయన బండి కింద పడుకుని, చిన్న సుత్తితో ఒక్కొక్క బోల్టు తలను తట్టి, ఆ చప్పుడు వింటూ సుద్దముక్కతో గుర్తులు పెట్టారు. గుర్తులు రెండు రకాలు: కాపాడవలసినవి, వదులుకోదగ్గవి. యు బోల్టులను ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు, కిట్‌తో కొత్తవి వస్తాయి కనుక వాటి మీద జాలి పడనక్కరలేదని, గ్రైండర్‌తో కోసేయవచ్చునని చెప్పారు. ఛాసిస్‌కు వెల్డింగ్ చేసి ఉన్న నట్లు, స్టడ్డులు మాత్రం అలా కాదు. అవి విరిగితే ఛాసిస్‌కే డ్రిల్లింగు, వెల్డింగు తప్పవు. అందువల్ల మా ఓపిక అంతా వాటి కోసమే దాచుకోవాలని ఆయన తీర్పు. నాకు అందిన సలహాలన్నింటిలో ఇదే విలువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రతి బోల్టునూ బతికించాలని కూర్చుంటే పని తెమలదు, ప్రతిదాన్నీ కోసేద్దామనుకుంటే బండి మిగలదు.

కాపాడవలసిన వాటికి ఆయన చేయించిన పద్ధతిలో తొందర అనేది లేదు. ముందుగా నట్టు బయటికి కనిపించే మరలను తీగ బ్రష్షుతో లోహం మెరిసేదాకా తోమించారు. నట్టు కదిలిన తర్వాత దాని దారికి అడ్డుపడేది ఆ బయటి తుప్పేనట. తర్వాత తుప్పు వదిలించే నూనెను కొద్దికొద్దిగా పోసి, బోల్టు తల మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు మళ్లీ అదే పని. ఆ అదురుకు తుప్పులో సన్నటి పగుళ్లు వచ్చి నూనె లోపలికి పాకుతుంది. సాకెట్ పన్నెండు మూలలది కాకుండా ఆరు మూలలది ఉండాలని పట్టుబట్టి, తన పెట్టెలోంచే తీసి ఇచ్చారు. ఆరు మూలల సాకెట్ నట్టు ముఖాలను నిండుగా పట్టుకుంటుంది కనుక మూలలు గుండ్రంగా అరిగిపోవు. ఇక విప్పే వేళకు ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "బిగుసుకున్నదాన్ని ముందు ఇంకో పిసరు బిగించాలి బాబూ, అప్పుడే అది మాట వింటాది." నిజంగానే ముందు బిగించే వైపు కాస్త కదిలి, ఆ తర్వాతే విప్పే వైపు తిరిగింది. పావు చుట్టు విప్పడం, అందులో సగం వెనక్కి తిప్పడం, మళ్లీ నూనె వేయడం, ఇలా ఒక్కొక్కటీ బయటికి వచ్చింది. పైపు తొడిగిన రాడ్డును కూడా కుదుపుగా లాగనివ్వలేదు, నిలకడగా బరువు పెంచుతూ పొమ్మన్నారు.

నూనెకు లొంగని వాటికి వేడి పెట్టవలసి వచ్చింది. ఈ విషయంలో మా పై వాటాలో ఉండే మెటలర్జీ లెక్చరర్ గారికి ధన్యవాదాలు. ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుకే నట్టుకూ బోల్టుకూ మధ్య అంత బిగువు పుడుతుందని, వేడి చేయవలసింది బోల్టును కాదు, చుట్టూ ఉన్న నట్టునని ఆవిడ వివరించారు. ఉక్కు ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు పన్నెండు వంతులు వ్యాకోచిస్తుంది. ఆ లెక్కన 12 మిల్లీమీటర్ల రంధ్రం 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.04 మిల్లీమీటరు విచ్చుకుంటుంది. వినడానికి ఏమీ కానట్టే ఉంటుంది కానీ, తుప్పు పట్టు విడిపోవడానికి అది చాలు. తల మీద 8.8 అని బలాన్ని తెలిపే ముద్ర ఉన్న బోల్టులకు ఆ బలం వేడి చేసి చల్లార్చే ప్రక్రియ వల్లనే వస్తుంది కనుక, ఎర్రగా కాల్చిన బోల్టును తిరిగి వాడవద్దని కూడా ఆవిడే హెచ్చరించారు.

గ్యాస్ మంట పట్టిన పని గాజువాక ఆటోనగర్‌లో కమాన్ కట్టలు చేసే అన్నది. పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు దగ్గరలోనే ఉంటాయి కనుక, మంట వెలిగించే ముందు ఆయన ట్యాంకును దింపించి, బ్యాటరీ తీగ తీయించి, తడి గోనెసంచులు కప్పించి, ఇసుక బకెట్ పక్కన పెట్టించారు. షాక్ అబ్జార్బర్ల దరిదాపులకు మంటను రానివ్వలేదు. జాకీని నమ్మకుండా ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టే దాకా ఎవరినీ బండి కిందకు వెళ్లనివ్వలేదు కూడా.

అన్నిటికంటే మొండిది వెనక ఎడమ కట్టకు షాకిల్ లేని కొసన ఉన్న బోల్టు. దాని నట్టు సులువుగానే వచ్చింది. బోల్టు తలను తిప్పితే అది తిరిగినట్టే ఉంటుంది, స్పానర్ వదలగానే, కట్ట కొసన ఉండే గుండ్రటి కన్నులోని రబ్బరు బుష్ మెలి విడి మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తుంది. అంటే బోల్టు పట్టుకున్నది బ్రాకెట్‌ను కాదు, బుష్ లోపల ఉండే ఇనుప గొట్టాన్ని. ఎంత సుత్తితో కొట్టినా ఆ రబ్బరే దెబ్బను మింగేస్తుంది. ఆటోనగర్ అన్న దానితో కుస్తీ పట్టలేదు. కట్ట కన్నుకూ బ్రాకెట్ గోడకూ మధ్య ఉన్న సన్నటి సందులోకి పలచటి డిస్కు దూర్చి, ఆ పక్కనా ఈ పక్కనా బోల్టును కోసేశారు. బ్రాకెట్ గోడకు గీత పడకుండా మధ్యలో ఒక రేకుముక్క అడ్డం పెట్టారు. కట్ట కింద పడిన తర్వాత చూస్తే గొట్టమూ బోల్టూ విడదీయరానంతగా కలిసిపోయి, ఒకే ముద్దగా ఉన్నాయి. కొత్త కట్టకు కొత్త బుష్షులు వస్తాయి కనుక మాకు నష్టపోయింది ఒక్క బోల్టే. ఆయన కూలి కూడా గ్యాస్ ఖర్చు మేరకే తీసుకున్నారు.

హైదరాబాద్‌లో ఉండే మరొక జిప్సీ యజమాని, నేను ఇంతవరకు ముఖాముఖి కలవని మిత్రుడు, కొత్త బోల్టుల కొలతలు చెప్పడమే కాక తన దగ్గర అదనంగా ఉన్నవి పార్సిల్‌లో పంపారు. బోల్టు నున్నటి భాగానికి రాగి గ్రీజు పలచగా పూయాలని, మరలకు మాత్రం పూయవద్దని, మరలకు జిడ్డు తగిలితే స్పానర్‌ను అంతే బలంతో తిప్పినా బోల్టు మీద ఎక్కువ లాగుడు పడుతుందని ఆయన చెప్పారు. బుష్ బోల్టులను చివరిసారి బిగించవలసింది చక్రాలు నేలకు ఆని బండి తన బరువు మీద నిలబడ్డాకే. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, దింపిన క్షణం నుంచి బుష్‌లోని రబ్బరు మెలిపడే ఉంటుంది.

సుత్తి చప్పుళ్లు భరించిన మా వీధివారికి, ముఖ్యంగా మధ్యాహ్నం నిద్ర పాడైనా పల్లెత్తు మాట అనని ఎదురింటి పెద్దమ్మ గారికి క్షమాపణలతో కూడిన కృతజ్ఞతలు.

మేస్త్రీ గారి సాకెట్లు ఆయనకు తిరిగి ఇచ్చేసి, అలాంటి ఆరు మూలల సెట్టే ఒకటి నేనూ కొనుక్కున్నాను. పొడవాటి రాడ్డు, మిగిలిన రాగి గ్రీజు డబ్బా, నాలుగు స్టాండ్లు నా దగ్గరే ఉన్నాయి. విశాఖ చుట్టుపక్కల పాత జిప్సీ విప్పబోతున్న వారెవరైనా అడిగి తీసుకెళ్లవచ్చు. యు బోల్టులను కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగించి చూడాలి కనుక, వచ్చే నెల వాటిని చూడడానికి ఆటోనగర్ అన్న మళ్లీ రమ్మన్నారు.