గులకరాళ్ల తలుపేసుకునే ఎలుక: జిల్లా అటవీ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా ఊరి పైనున్న ఎర్ర గరుసు నేలలో మొక్కల కోసం గుంతలు తవ్వడానికి సున్నంతో గుర్తులేశారు. కాగితాల మీద అది ‘బంజరు’. గొర్రెలు మేసే గడ్డి మాకు కనిపిస్తుంది, మీ కాగితాలకు కనిపించదు.

పొద్దున్నే ఒక్కసారి రండి. గట్టు వారన బొటనవేలు పట్టేంత కన్నం, దాని ముందు శనగ గింజలంత గులకరాళ్ల కుప్ప ఉంటాయి. అది ముళ్ల చిట్టెలుక ఇల్లు. వీపు మీద వెంట్రుకలు చదునుగా, గరుగ్గా ఉంటాయి. దక్షిణ భారతంలో ఇలాంటి గరుసు నేలలే దాని చోటు. లోపలికి పోయాక రాళ్లతో తలుపు మూసుకుంటుంది. గదిలోనూ గులకరాళ్ల పరుపే! 19వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ ధార్వాడ ప్రాంతంలో చూసి రాసింది ఇదే. ఈ జాతికి 1832లో జంతుశాస్త్రవేత్త బెన్నెట్ శాస్త్రీయ నామం పెట్టాడు.

పంట ఎలుకతో దీన్ని కలిపేయకండి. రాత్రిపూట గింజలూ పురుగులూ తిని బతుకుతుంది. దీన్ని తినడానికి గుడ్లగూబలు, పాములు, గుంటనక్కలు వస్తాయి.

చెట్లంటే నాకు కోపం లేదు, మా ఇంటి ముందు వేప నేను నాటిందే. కానీ గడ్డినేలలో జేసీబీ దింపితే ఆ గది, ఆ పరుపు ఒక్క బకెట్‌లో లేచిపోతాయి. గుంతలు చెరువు కట్ట కిందికి, బడి చుట్టూ మార్చండి. గట్టు వైపు సున్నం గుర్తులు చెరిపించండి. ఏ రోజు వస్తారో చెబితే కన్నాలు నేనే చూపిస్తాను.

ఇట్లు,
గొర్రెల కాపరి కొడుకు