పెరట్లో సాయంత్రాలు కూర్చోవాలంటే – శీనుకి ఉత్తరం

ఒరే శీనూ,

నీ ఉత్తరం, పెరటి కొలతలు అందాయి. వెడల్పు 20 అడుగులు, ఇంటి గోడ నుంచి పడమటి ప్రహరీ దాకా లోతు 14. ఇల్లు తూర్పు ముఖం, ఊరు గుంటూరు, నేల నల్లరేగడి. నువ్వు కుర్చీలూ, ఉయ్యాలా, పూలకుండీలూ ఏవి కొనాలని అడిగావు. అవి చివర్న కొందువుగాని. ముందు తేల్చుకోవాల్సింది సాయంత్రం ఎటు తిరిగి కూర్చుంటావన్నది.

అందరూ ఇంటి గోడకి కుర్చీలు వేసుకుని పడమటికి చూస్తూ కూర్చుంటారు. మే నెలలో మీ ఊళ్లో సాయంత్రం 4 గంటలకి సూర్యుడు నేల నుంచి సుమారు 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే 8 అడుగుల ఎత్తు పందిరి వేసినా ఎండ దాని కింద నుంచి 12 అడుగుల లోపలికి వచ్చేస్తుంది. నీ 5 అడుగుల ప్రహరీ నేల మీద ఏడున్నర అడుగుల నీడ ఇస్తుంది గానీ, కూర్చున్నవాడి తల 4 అడుగుల ఎత్తున ఉంటుంది కదా, అక్కడ దక్కేది అడుగున్నరే. పందిరి వేసుకున్నవాళ్లు కూడా సాయంత్రం లోపలికి పోవడానికి కారణం ఇదే. పందిరి ఆపేది మధ్యాహ్నపు ఎండని. సాయంత్రపు ఎండని ఆపాలంటే నిలువు తెర కావాలి.

అందుకని అరుగు పడమటి ప్రహరీ పక్కనే కట్టించు, వీపు ఎండకి, ముఖం ఇంటికి. ప్రహరీ మీద మూడడుగుల ఇనుప జాలీ లేపి తెర ఎత్తు 8 అడుగులు చెయ్యి. అప్పుడు 4 గంటలకి తల ఎత్తున ఆరడుగుల దాకా నీడ, 5 గంటలకి పదకొండు అడుగుల దాకా. జాలీ మీద తీగ కమ్ముకునేలోపు వట్టివేళ్ల తడికలు కట్టుకో. ఇంకో లాభముంది: రోజంతా కాలిన సిమెంటు గోడ రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. గోడకి నాలుగంగుళాల ఎడంగా తీగ పాకిస్తే ఆ కాగడమే తగ్గుతుంది.

ఇక నేల. కొత్త ఇల్లని చెప్పి మేస్త్రీ పెరడంతా బండలు పరిచేద్దామంటాడు, ఒప్పుకోకు. పడమటి ప్రహరీ వెంట అడుగున్నర మట్టి వదులు, తీగలకి అదే పాదు. తర్వాత 10 అడుగుల లోతు, 12 అడుగుల వెడల్పు బండలు. ఇంటి గోడ వైపు మిగిలిన రెండున్నర అడుగుల్లో 20 ఎం.ఎం. కంకర పోసి, తలుపు దగ్గర నడవడానికి రెండు మూడు బండలు వేస్తే చాలు. వాన నీళ్లు బండ మీద పడి గోడకి చిమ్మవు. మిగతా ఎనిమిది అడుగుల వెడల్పు చెల్లెమ్మది: కుళాయి, ఉతికే బండ, కరివేపాకు, బట్టల తీగ. సెప్టిక్ ట్యాంకు మూత అక్కడ ఉంటే దాని మీద ఏదీ పరచొద్దు.

బండలు పగిలిపోయేదీ, ఎగుడుదిగుడయ్యేదీ నల్లరేగడి వల్లే. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిచ్చి కుంగుతుంది. ఆ 120 చదరపుటడుగుల్లోనూ నల్లమట్టి తీయించి, తొమ్మిదంగుళాల మందం గ్రావెల్ (ఎర్ర మొరం) నింపించు. వదులుగా 115 నుంచి 120 ఘనపుటడుగులు పడుతుంది. ఒకేసారి పోసి పైన దిమ్మిస కొడితే అడుగున వదులే మిగులుతుంది. సగం పోసి, తడిపి, కొట్టి, మళ్లీ పోయాలి. దాని మీద మూడంగుళాల బెడ్ కాంక్రీటు, అంటే బండల కింద పరుపు, 1:4:8 పాళ్లలో (సిమెంటు ఒకటి, ఇసుక నాలుగు, కంకర ఎనిమిది), 40 ఎం.ఎం. కంకరతో. పైన అంగుళం మందం సిమెంటు మాలు, సిమెంటు ఒకటికి ఇసుక ఆరు, దాని మీద బండ. మొత్తానికి సిమెంటు 5 బస్తాలు, ఇసుక 27 ఘనపుటడుగులు, కంకర 28. రెండడుగుల చదరం బండలు 30 పడతాయి, విరిగేవాటికి ఇంకో మూడు తెచ్చుకో.

బండ విషయంలో నా ఓటు తాండూరు నాపరాయికే, బూడిదరంగుది, పైన గరుకుగా ఉన్నది. కడప నల్లరాయి అందంగానే ఉంటుంది గానీ మీ ఎండకి కాలు పెట్టనివ్వదు. పాలిష్ చేసినది వానలో జారుతుంది. అమ్మ మోకాళ్లు గుర్తుంచుకో. నాపరాయి సున్నపురాయి జాతి, కాబట్టి సిమెంటు మరకలు పోవాలని ఎవరైనా యాసిడ్ పోస్తామంటే పోయనివ్వకు. పై పొర తినేసి తెల్లటి మచ్చలు మిగులుస్తుంది. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినా వెంటనే కడిగేయాలి.

పరిచేటప్పుడు నువ్వు దగ్గరుండి చూడాల్సినవి రెండే. ఒకటి వాటం, అంటే నీళ్లు జారే వాలు: ఇంటి వైపు నుంచి ప్రహరీ వైపుకి 10 అడుగులకి ఒకటిన్నర నుంచి రెండంగుళాలు. కంటితో కాదు, నీళ్ల గొట్టంతో మట్టం చూపించమను. రెండోది డొల్ల. నాలుగు మూలలా నాలుగు మాలు ముద్దలు పెట్టి బండ కూర్చోబెట్టే అలవాటుంది. మధ్యలో ఖాళీ ఉండిపోయి ఉయ్యాల స్టాండు పెట్టగానే పగులుతుంది. కర్రతో తట్టి చూడు, డొల్లగా మోగితే అప్పుడే లేపి మాలు నింపించు. తర్వాత ఏడు రోజులు తడపాలి. పరిచిన బండ మట్టం ఇంట్లో గచ్చు కంటే కనీసం ఆరంగుళాలు కిందుండాలి, లేదంటే లోపలి గోడకి చెమ్మ ఎక్కుతుంది.

నీళ్లు పోయేచోటు: ప్రహరీ మూల మూడడుగుల చదరం, నాలుగడుగుల లోతు ఇంకుడు గుంత, అంతా కంకర. ఇంటి పునాదికి పదడుగుల దూరం, సెప్టిక్ ట్యాంకూ బోరూ ఉన్న మూల వద్దు. ఒక అంగుళం వాన పడితే ఈ బండల మీదే 280 లీటర్ల పైన నీళ్లు వస్తాయి. రేగడిలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి గుంత పైభాగంలో నాలుగంగుళాల పైపు పెట్టి, పొంగే నీళ్లని వీధి కాలవకి వదులు.

అరుగుని గోడలా మూసి కట్టొద్దు, నీళ్లకి అడ్డమవుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక దిమ్మెలు మూడు, వాటి మీద రెండంగుళాల మందం నాపరాయి, పొడవు ఆరడుగులు, లోతు 18 అంగుళాలు. పైభాగం నేలకి 17 అంగుళాల ఎత్తులో, ముందుకి అరంగుళం వాలుగా. ప్రహరీకి ఆనించకు. రెండు కట్టడాలూ రేగడిలో వేర్వేరుగా కుంగుతాయి, అతుకు దగ్గర పగులొస్తుంది.

పందిరికి రెండంగుళాల జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుప) పైపులు నాలుగు, అడుగున్నర చదరం, రెండడుగుల లోతు గుంతల్లో కాంక్రీటు పోసి. కాంక్రీటు నేల మీదకి మూడంగుళాలు లేచి చుట్టూ వాలుగా ఉండాలి. నేల మట్టంలో ఆపేస్తే నీళ్లు నిలిచి పైపు అక్కడే తుప్పు పడుతుంది. పైన అడుగుకొక జి.ఐ. తీగ. రేకు మాత్రం వేయకు, కాగిన రేకు కింద ఎవరూ కూర్చోలేరు. ఈ వేసవికి 50 శాతం ఎండని ఆపే గ్రీన్ నెట్ కట్టుకో, తొలకరికి తీగలు నాటు. జాలీ మీదకి రాధామనోహరాలు: సాయంత్రం తెల్లగా విచ్చుకుని తర్వాత గులాబీ, ఎరుపు రంగుల్లోకి మారతాయి, వాసన అద్భుతం. కానీ విపరీతంగా బరువెక్కుతుంది, పూత అయ్యాక కత్తిరించాల్సిందే. పందిరి మీదకి సన్నజాజి, ఖాళీలో చిక్కుడు. మునగ వద్దు, గొంగళిపురుగులు నెత్తిన రాలతాయి, కొమ్మలు గాలికి విరుగుతాయి.

లైట్ల వైరుకి పైపు బెడ్ కాంక్రీటు పోయకముందే వేయించు. పసుపు రంగు లైటు, అరుగుకి దూరంగా, ఎందుకంటే పురుగులు దాని చుట్టూ మూగుతాయి. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, తప్పనిసరి. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు వారానికోసారి పారబొయ్యకపోతే డెంగీ దోమ అక్కడే పెరుగుతుంది.

మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చేముందు మూడు సంగతులు రాయి: గచ్చు నుంచి పెరటి నేలకి ఎంత దిగుడు, సెప్టిక్ ట్యాంకు ఏ మూల, వీధి కాలవ అడుగు మట్టం ఎంత లోతు. కాలవ పైనుంటే వాటమే మార్చాల్సి వస్తుంది. అవి అందగానే గీత గీసి పంపుతాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ,
రాజు