శీనుకి, బాతుల గురించి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. నెల రోజులుగా నా బుర్రంతా ఒకే మనిషి మీద ఉంది. పేరు కార్ల్ బార్క్స్, బాతుల కామిక్స్ గీసిన అమెరికా ఆర్టిస్టు.

ఆదివారం దూరదర్శన్‌లో డక్‌టేల్స్ కార్టూన్ కోసం మీ ఇంట్లో చాప మీద కూర్చునేవాళ్లం, గుర్తుందా? నాణేల గుట్టలోకి చెరువులో దూకినట్టు దూకే ముసలి బాతు, అంకుల్ స్క్రూజ్! ఆయన్ని 1947లో పుట్టించింది ఈ బార్క్సే. మనం టీవీలో చూసినదానికి మూలమంతా పాత కామిక్స్‌లో ఉందిరా.

మొన్న ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట చిరిగిన పుస్తకం ఒకటి దొరికింది. అందులో 1949 నాటి కథ, 'లాస్ట్ ఇన్ ది ఆండీస్'. మ్యూజియంలో దుమ్ము దులిపే చిన్న ఉద్యోగం స్క్రూజ్ మేనల్లుడు డోనాల్డ్ డక్‌ది. అక్కడున్న చదరపు రాళ్లు రాళ్లు కావు, గుడ్లు అని తేలుతుంది. ఇక తన ముగ్గురు మేనల్లుళ్లనీ వెంటేసుకుని పెరూ కొండల్లోకి ప్రయాణం. పొగమంచు దాటాక ఒక లోయ. అక్కడ ఇళ్లు చదరం, మనుషులు చదరం, కోళ్లు కూడా పెట్టెల్లా నాలుగు పలకలుగా ఉంటాయి. గుండ్రంగా ఏది చేసినా అక్కడ నేరమే. పిల్లలు బబుల్‌గమ్‌తో బుడగ ఊది ఇరుక్కుంటారు! ఎంత విడ్డూరమైన ఊహో చూడు. కానీ ఆ కోడిని గీసిన తీరు చూస్తే, ఇలాంటిది ఎక్కడో నిజంగానే ఉందేమో అనిపిస్తుంది. కాళ్ల మీద బరువు ఆనించి నిలబడిన పద్ధతి అచ్చం మన పెరటి కోడిదే.

ఆయన పెరూ వెళ్లి చూసి గీసింది కాదు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలు ముందు పెట్టుకుని, కాలిఫోర్నియాలో ఇంట్లో కూర్చుని గీశాడు. 1901లో ఒరెగాన్‌లో పొలం పనులు చేసుకునే ఇంట్లో పుట్టాడు. చెవులు సరిగా వినపడవు. చేయని కూలి పని లేదు. 1935లో డిస్నీ స్టూడియోలో చేరి, 1942లో మానేసి కామిక్స్‌కి వచ్చేనాటికి వయసు 41. ఆ తర్వాత 1966 దాకా కథ, మాటలు, బొమ్మలు దాదాపు అన్నీ తనే. అయిదు వందలకి పైగా కథలు! తర్వాత్తర్వాత ఆయన భార్య (ఆవిడ పేరే 'గారే') అక్షరాలు రాసిపెట్టి సాయం చేసింది.

నన్ను కదిలించింది మాత్రం వేరే సంగతి. ఇన్నేళ్లూ పుస్తకం మీద ఆయన పేరు లేదు. ఉన్నది వాల్ట్ డిస్నీ పేరే. అయినా అమెరికా పిల్లలు బొమ్మ చూసి పోల్చుకునేవాళ్లు. పేరు తెలియదు కాబట్టి 'మంచి బాతుల ఆర్టిస్టు' అని పిలుచుకున్నారు. బాపు బొమ్మ కింద సంతకం మూసేసినా మనం పట్టేస్తాం చూడు, అలాగన్నమాట. పేరు కనుక్కుని ఒక అభిమాని ఉత్తరం రాసింది 1960లో. అప్పటికి ఆయనకి అరవై దగ్గర పడ్డాయి. ఈ సంగతి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదురా.

రిటైరయ్యాక ఆయన ఆయిల్ పెయింటింగులు వేశాడు. జనం ఎగబడి కొన్నారు. నాకు మాత్రం ఇంకు గీతలోనే ప్రాణం కనిపిస్తుంది. 2000లో, 99 ఏళ్ల వయసులో పోయాడు.

పుస్తకం కొరియర్‌లో పంపుతున్నా. మీ పాపకి నువ్వే చదివి వినిపించు. అన్ని కష్టాలు పడి డోనాల్డ్ రెండు చదరపు కోళ్లని ఇంటికి తెస్తాడు కదా, రెండూ పుంజులే! ఆ సంగతి మాత్రం దానికి ముందే చెప్పెయ్యకు.

నీ,
రాజు