వరద మిగిల్చిన భయానికి వైద్యం చేయించండి: ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలును ముంచెత్తాయి. కూలిన గోడలకు లెక్కలు కట్టారు, పరిహారమూ ఇచ్చారు. ఆనాటి భయంతో ఇప్పటికీ బతుకుతున్నవారి కోసం ఈ లేఖ రాస్తున్నాను.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. వాన గట్టిపడితే బియ్యం బస్తా అటక మీదికి ఎక్కించి, తెల్లవార్లూ గడప దగ్గరే కూర్చుంటారు. మేడమీద ట్యాంకు నిండి నీళ్లు పొర్లిన చప్పుడుకే ఆమెకు చెమటలు పడతాయి. “వరద రాలేదని తెలుసమ్మా, ఒళ్లే నమ్మదు” అన్నారు నాతో.

మెదడు పనితీరు తెలిసినవారు కూడా ఇదే చెబుతారు. ఏది ఎప్పుడు, ఎక్కడ జరిగిందో ముడివేసి దాచేది హిప్పోక్యాంపస్. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ముప్పును పసిగట్టే మెదడు భాగమైన అమిగ్డలా విజృంభించి చప్పుడు, వాసన, చలి బలంగా ముద్రపడతాయి, ఆ ముడి మాత్రం వదులుగా ఉండిపోతుంది. అందుకే పాత ఘటన ఈ క్షణమే జరుగుతున్నట్టు మీదపడుతుంది. భయపెట్టేవాటికి దూరంగా తిరిగేకొద్దీ ముప్పు తప్పిందని మెదడుకు తెలిసే వీలే ఉండదు.

ఇలా వదలని భయాన్ని పీటీఎస్‌డీ అనే జబ్బుగా గుర్తిస్తారు, దీనికి మంచి చికిత్స ఉంది. శిక్షణ పొందిన సైకాలజిస్టు ఎదుట, ధైర్యం చిక్కిన చోట, ఆ రాత్రి సంగతి మొదలుకంటా మళ్లీమళ్లీ చెప్పిస్తారు. జ్ఞాపకం చెరిగిపోదు. అది గడిచిపోయిందన్న ఎరుక దానికి తోడవుతుంది, భయం పట్టు సడలుతుంది. సాధారణంగా 8 నుంచి 15 సిట్టింగులు పడుతుంది. శిబిరంలో అందరినీ కూర్చోబెట్టి ఒక్కసారి బలవంతంగా మాట్లాడిస్తే ఈ జబ్బు రాకుండా ఆగదు. ఘటన జరిగిన మొదటి నెలలో బెంజోడయాజిపైన్ మాత్రలు (ఆందోళన తగ్గించి నిద్రపుచ్చే మందులు) ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అయినా మా వీధివారికి దక్కింది నిద్రమాత్రల చీటీ ఒక్కటే.

మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్ 14416 నంబరు మేలైన ఏర్పాటే, కాదనను. కానీ ఇన్ని సిట్టింగుల చికిత్సకు ఎదురుగా కూర్చునే మనిషి కావాలి. 2021 నవంబర్‌లో కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేరు ఒడ్డున అన్నీ కోల్పోయినవారికీ అదే అవసరం.

వచ్చే వానాకాలం లోపు కర్నూలు, కడప ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ చికిత్సలో ఆరితేరిన సైకాలజిస్టులను నియమించండి. ఇలాంటివారిని గుర్తుపట్టి పంపేలా మా ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇప్పించండి. నియామకాలు ఎప్పటికి పూర్తవుతాయో బహిరంగంగా తేదీ ప్రకటించండి.

భవదీయురాలు,
కర్నూలు పాతబస్తీ నివాసి