ఆయప్ప స్ట్రిక్టు, ఆయమ్మకు పొగరు

సంపాదకులకు,

ఏ మహిళా అధికారికి ప్రమోషన్ వచ్చినా మీ జిల్లా పేజీలో ఇంటర్వ్యూ వేస్తారు, సంతోషం. అందులో 'ఇల్లూ, ఉద్యోగమూ రెండూ ఎలా చూసుకుంటున్నారు?' అన్న ప్రశ్న మాత్రం తప్పదు. పిల్లలకు క్యారియర్ ఎవరు కడతారని మగ అధికారిని అడిగినట్టు నేనింతవరకూ చదవలేదు.

అనంతపురంలో ఒక బ్యాంకులో 30 ఏళ్లకు పైగా గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మా బ్రాంచికి వరసగా ఇద్దరు మేనేజర్లు వచ్చారు. మొదటాయన పదీ అయిదు కాగానే హాజరు పట్టీ లోపలికి తెప్పించుకునేవారు. వేరుశనగ పంట రుణాల రెన్యువల్ రోజుల్లో ఫైల్లో అడంగల్ (పొలంలో సాగు వివరాల రికార్డు) లేకపోతే అందరి ముందే విసిరికొట్టేవారు. 'ఆయప్ప శానా స్ట్రిక్టు, పనిమంతుడు' అనుకున్నాం. తర్వాత వచ్చింది ఒక మేడం. అదే పట్టీ, అదే పదీ అయిదు. పాపం, ఫైలు విసిరేవారు కూడా కాదు, సరిచేసి తెమ్మని చేతికిచ్చేవారు. 'ఆయమ్మకు తలపొగరు, ఇంట్లో కోపమంతా మన మీద తీర్చుకుంటాంది' అని క్యాంటీన్లో అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. సారు ఉన్నప్పుడు వసూళ్లు బాగుంటే అది ఆయన సత్తా. మేడం ఉన్నప్పుడు బాగుంటే స్టాఫు కష్టం. ఆమెకు ప్రమోషన్ వస్తే 'పైన ఎవరో ఉన్నార్లే!' ఆమె రాసిందీ అందరూ రాసిన పరీక్షే.

మగవాళ్లకూ దీని దెబ్బ తగులుతుంది. పాపను బడి నుంచి తేవాలని సాయంత్రం త్వరగా లేచే కుర్ర క్లర్కుకు మేం పెట్టిన పేరు 'పెళ్లాం చాటు మనిషి'.

మన విదేశాంగ సర్వీసులో ఒకప్పుడు మహిళా అధికారి పెళ్లికి ప్రభుత్వ అనుమతి కావాలి. సంసారం డ్యూటీకి అడ్డొస్తుందనుకుంటే రాజీనామా కూడా అడగొచ్చు. ఆ సర్వీసు అధికారిణి సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకెక్కాక, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను గట్టిగా తప్పుబట్టారు. నిబంధన పోయింది కానీ, మీ ఇంటర్వ్యూ ప్రశ్నలో దాని వాసన ఇంకా ఉంది. 2023లో సుప్రీంకోర్టు, ఆడవాళ్ల గురించి ఏ మాటకు బదులు ఏ మాట రాయాలో చెబుతూ జడ్జీల కోసం ఒక చేతిపుస్తకమే వేసింది: 'కెరీర్ ఉమన్' అని రాయనక్కర్లేదు, 'ఉమన్' అంటే చాలని. అలాంటి పట్టిక ఒకటి మీ డెస్కులోనూ పెట్టుకోండి.

మా మేడం ఇల్లు ఎలా చూసుకున్నారో నాకు తెలియదు. మొండి బాకీలు ఎలా రాబట్టారో మాత్రం కళ్లారా చూశాను. ఆ సంగతి అడిగి ఉంటే మీకు పేజీ నిండేది.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, అనంతపురం